తోట దాటిన సైకిళ్ళు

పోయిన వారం మన కోడలిని ద్రాక్షతోట గేటు ముందు వదిలేసి వచ్చాం. ఎవరిదో సైకిల్ ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూసి, గుండె గుభేలుమని, అలాగే నిలబడిపోయింది పాపం. వారమంతా అలా నిలబెట్టినందుకు ఆమె నన్ను తిట్టుకుని ఉంటే తప్పులేదు. ఆ చక్రంలో ఏముందో చెప్పేముందు, కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు మాటలు చెప్పాలి. మొదటినుంచీ చదువుతున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

కోడలంటే సైకిల్ కొట్టు కోడలు. ఆవిడ మామగారు ఒకప్పుడు సైకిల్ పందాలకు పెట్టింది పేరు. ఊరంతా ఆయన్ని ఇప్పటికీ ఛాంపియన్ అనే పిలుస్తుంది, ఆయన కూడా ఆ పిలుపుకు తప్ప వేరే పిలుపుకు తొందరగా పలకడు. ఆ కొట్టులో పానా పట్టడం నేర్చుకున్న కోడలికి రెండేళ్ళుగా ఒకటే పిచ్చి. తారు రోడ్డు తగలకుండా, లారీ హారన్ వినపడకుండా, కంకర దారుల మీదే సైకిళ్ళు వెళ్ళే బాట ఒకటి కలపాలి. ఊరి చివర మొదలై, ద్రాక్షతోటల వాలు మీదుగా దిగి, ఏటి మైదానం దాటి, కొండ పాదాల దాకా వెళ్ళాలి. కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగి, బతిమాలి, బామాలి ముక్క ముక్కా కలుపుకుంటూ వచ్చింది. ఇక మిగిలింది నడిమధ్యన ఉన్న ఒక్క తోట. ఆ తోట దారి దొరకకపోతే సైకిళ్ళు లారీల రోడ్డెక్కాలి. ఆ రోడ్డు మీదికి ఎవరినీ తీసుకెళ్ళనని ఆమె ఒట్టు పెట్టుకుంది. అంటే తోట దారి లేకపోతే బాటే లేదు.

ఆ తోట గల ఆవిడ ఎన్నోసార్లు మొహాన తలుపు వేసినంత పని చేసి, చివరికి విసుగో జాలో తెలియని గొంతుతో ఒక మాట ఇచ్చింది. "ఆదివారం పొద్దున నీ వాళ్ళందర్నీ తీసుకురా. నా కళ్ళ ముందు ఒక్కసారి దాటి చూపించండి. దారి ఉన్నది ఉన్నట్టు ఉంటే గేటు తీస్తాను. గాడి పడిందా, నా పళ్ళ మీద దుమ్ము పడిందా, మళ్ళీ ఈ ఛాయలకు రాకు."

ఆ ఆదివారమే ఇది. కోడలు తెల్లవారగానే ముందుగా వచ్చి తోటావిడతో మాట్లాడుతూ ఉంది. ఆమెతో తొక్కే మిగతా ఊరివాళ్ళని మామగారు తన పందెం సైకిల్ మీద ముందుండి నడిపించుకుంటూ ఇప్పుడే తీసుకొచ్చాడు. 

కోడలు రెండో సైకిల్ చక్రం నొక్కింది. మొదటిదానిలాగే రాయంత గట్టి. మూడోది నొక్కింది. అదీ రాయే. నిన్న సాయంత్రం కొట్టు ముందు అన్నిటినీ వరసగా నిలబెట్టి, ఎవరి బరువెంతో చూసుకుని, ఒక్కో చక్రాన్నీ వేలితో నొక్కి, కావలసినంత గాలే ఉంచింది తనే. కంకర మీద నడిచే చక్రం వెడల్పుగా, కాస్త మెత్తగా ఉండాలి. మెత్తగా ఉంటే రాయి మీద ఒదుగుతుంది, మట్టి మీద పరుచుకుంటుంది. బిగుసుకుని ఉంటే ఎగురుతుంది, జారుతుంది, తడి నేలని కత్తిలా కోస్తుంది. ఇంత జాగ్రత్తగా చేసిన పని రాత్రికి రాత్రి ఎలా మారిపోయిందో ఆమెకు అంతుపట్టలేదు.

"ఇవాళ నా సైకిల్ భలే పరిగెడుతోందండీ!" అన్నాడు పళ్ళ డాక్టరు, తన పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. "పొద్దున్నే ఛాంపియన్‌గారు స్వయంగా గాలి కొట్టారు. ఒక్కరికి కాదు, అందరికీ! ఆ వయసులో ఆ ఓపిక చూడండి."

కోడలు తలెత్తి మామగారి వైపు చూసింది. ఆయన ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద పెట్టి, ఫొటోకి నిలబడినట్టు నిలబడి ఉన్నాడు. ఆమె దగ్గరికి రాగానే గొంతు తగ్గించాడు.

"నువ్వేం కంగారు పడకమ్మాయ్. ఎవరికీ చెప్పలేదు. పొద్దున చూద్దును కదా, ఒక్క చక్రంలోనూ సరిగ్గా గాలి లేదు. పని ఒత్తిడిలో నీకు గుర్తుండి ఉండదు. ఇంతమంది ముందు కొట్టు పరువు పోతుందని, నీ మాట ఎత్తకుండా నేనే కొట్టేశాను. భుజాలు పడిపోయాయనుకో."

ఆ మాటకు కోడలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తిట్టడానికి లేదు, ఆయన చేసింది ఆమె పరువు కోసమే. ఊరుకోవడానికీ లేదు, గేటు అవతల తోటావిడ చేతులు కట్టుకుని, కొమ్మల కత్తెర చంకలో పెట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తోంది. 

"మామయ్యా," అంది మెల్లిగా, "గాలి కొట్టడం నేను మరిచిపోలేదు. కావాలనే తక్కువ ఉంచాను. ఇప్పుడు అందరి చక్రాల్లోంచీ కొంత తీసేయాలి."

"తీసేయడమేంటి?"

"తీసేయాలి. లేకపోతే తోటలో గాడి పడుతుంది."

మామగారి మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించాలన్న సంగతి మరిచిపోయాడు. "నేను కొట్టిన గాలి తీస్తావా? ఈ చేతులు ఎన్ని పందాలు చూశాయో తెలుసా నీకు? చక్రం గట్టిగా ఉంటేనే సైకిల్ సైకిల్ లాగా నడుస్తుంది. మెత్తటి చక్రం మీద తిరిగేవాళ్ళు పాలు పోసేవాళ్ళు, పందెగాళ్ళు కాదు!"

"నాన్నా, ఇది పందెం కాదు," అంది ఆడపడుచు వెనకనుంచి. ఆమె పోస్టాఫీసులో పనిచేస్తుంది, సైకిలెక్కి నిండా నెల కాలేదు, కానీ తండ్రి కోపానికి భయపడని మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. "నువ్వు కొట్టిన గాలికి నా నడుము పలకరిస్తోంది. వచ్చేటప్పుడు ఒక చిన్న గులకరాయి ఎక్కితే చుక్కలు కనబడ్డాయి."

"నువ్వు నోరుముయ్యి!"

అందరూ తలలు దించుకుని చక్రాల వైపు చూడసాగారు. పెళ్ళయి వచ్చిన దగ్గరనుంచీ కోడలు మామగారికి నలుగురిలో ఎదురు చెప్పింది లేదు. చక్రానికి పుల్ల బిగించడం నేర్పింది ఆయన, గొలుసు శబ్దం విని జబ్బు చెప్పడం నేర్పింది ఆయన. అంత నేర్పిన మనిషిని ఊరి జనం ముందు కాదనడం ఆమెకు చిన్న విషయం కాదు. కానీ రెండేళ్ళ తిరుగుడు, దారి కోసం తొక్కిన గుమ్మాలు, పడ్డ మాటలు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కదిలాయి. ఇప్పుడు నీళ్ళు నమిలితే ఇక జీవితమంతా నీళ్ళే నమలాలి అనుకుంది.

"అందరూ దిగండి," అంది గట్టిగా. "వాల్వు మూత తీసి, పిన్ను నొక్కండి. నేను ఆపమనేదాకా నొక్కండి."

డాక్టరు మామగారి వైపొకసారి, కోడలి వైపొకసారి చూసి, చివరికి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తుస్సుమని మొదటి చక్రం గాలి వదిలింది. ఆ వెంటనే ఇంకొకటి, ఇంకొకటి. అన్ని చక్రాలూ కలిసి బుసకొడుతుంటే గేటు మీద కూర్చున్న పిచ్చుకలు లేచి ఎగిరిపోయాయి. 

తోటావిడ గేటు దాకా వచ్చింది. "ఏంటమ్మా ఈ సంత? గాలి కొట్టుకుని వచ్చింది మీరే, తీసుకుంటున్నది మీరే. తోట దాటడానికి వచ్చారా, నన్ను ఆట పట్టించడానికి వచ్చారా?"

"చూశారా?" అన్నాడు మామగారు, తనకొక సాక్షి దొరికినట్టు. "బయటావిడకు అర్థమైంది, ఇంట్లోవాళ్ళకు కాలేదు. అమ్మా, మీరు గేటు తీయండి. నేను ముందు వెళ్ళి చూపిస్తాను సైకిల్ అంటే ఏంటో."

తోటావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. పెద్దమనిషి, తలపండినవాడు, ఆ ధీమా చూస్తే కాదనబుద్ధి కాలేదేమో, గడియ మీద చెయ్యి వేసింది.

"ఆగండి!" అంది కోడలు.

ఆ అరుపుకు తనే ఉలిక్కిపడింది. ఆ సన్నటి చక్రాలు ఒక్కసారి లోపలికి వెళితే ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. చుట్టూ చూసింది. గేటుకు ఇవతల, నీళ్ళ తొట్టి పక్కన, పొంగి కారిన నీటితో నేల చెమ్మగా ఉంది. తోటలో ఉన్న ఎర్రమట్టే అది కూడా.

"మామయ్యా, మీరన్నది మీరు చూపించండి. నాదీ నేను చూపిస్తాను. ఇక్కడే, ఈ తొట్టి పక్కన. ముందు మీరు తొక్కండి, మీ పక్కనే నేను తొక్కుతాను. చూసేది అమ్మగారు. ఆవిడ ఏమంటే అది."

మామగారికి పందెం అన్న వాసన తగిలితే చాలు. "అంతేగా!" అని ఒక్క ఊపున పెడలు తొక్కాడు. చూడముచ్చటగా తొక్కాడు, అది ఒప్పుకోవాలి. నడుం వంగలేదు, హ్యాండిల్ వణకలేదు. తడి నేల మీద ఇటునుంచి అటు గీత గీసినట్టు వెళ్ళి ఆగాడు. ఆయన పక్కనే కోడలు తన లావుపాటి మెత్తటి చక్రాల మీద తీరిగ్గా వెళ్ళి దిగింది. డాక్టరు చప్పట్లు కొట్టబోయి, ఎవరికి కొట్టాలో తెలియక మానేశాడు.

తోటావిడ గేటు తీసుకుని బయటికి వచ్చి వంగింది. మామగారి సైకిల్ వెళ్ళిన చోట వేలు పెట్టింది. నిజంగానే గీత గీసినట్టుంది, వేలు సగం దాకా దిగింది. కోడలి సైకిల్ వెళ్ళిన చోట చక్రం అచ్చు పడింది, అంతే. చెప్పు కాలితో ఒకసారి తుడిస్తే అదీ పోయింది. ఆవిడ మళ్ళీ ఆ గాడి దగ్గరికి వచ్చి, తొట్టిలోంచి దోసెడు నీళ్ళు తీసి పోసింది. నీళ్ళు అటూ ఇటూ పోకుండా ఆ గాడిలోనే పడి, మట్టిని కోసుకుంటూ కిందికి జారాయి.

"ఇదే నా భయం," అంది తోటావిడ. ఇప్పుడు గొంతులో కసురు లేదు. "మాది వాలు నేల. ఇంత సందు దొరికితే చాలు, వాన వచ్చినప్పుడు నీళ్ళన్నీ ఆ సందులోనే పడతాయి. వేళ్ళ దగ్గర మట్టి కొట్టుకుపోతుంది. చెప్తే అందరూ నవ్వుతారు, సైకిల్ చక్రానికేం పోయిందంటారు. నువ్వొక్కదానివే అర్థం చేసుకున్నావు. సరే, వెళ్ళండి. గాలి తీసినవాళ్ళందరూ వెళ్ళండి." కాస్త ఆగి, మామగారి వైపు చూడకుండా అంది. "పెద్దాయన్ని మాత్రం ఇక్కడే ఉండమనండి."

మామగారు గాడి వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన చక్రాలు సన్నటివి. అందులో గాలి తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు పగులుతుంది, తగ్గించకపోతే నేల పగులుతుంది. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"వెళ్ళండి," అన్నాడు చివరికి. "నేనిక్కడ కూర్చుంటాను. నీళ్ళ తొట్టి ఉంది, నీడ ఉంది. నాకేం?"

కోడలు గెలిచింది. రెండేళ్ళుగా ఎదురుచూసిన మాట వచ్చింది, గేటు తెరుచుకుంది. అయినా కాలు కదలలేదు. తొట్టి అంచు మీద కూర్చోబోతున్న ఆ మనిషి వైపు తిరిగింది. ఆయన్ని వదిలేసి వెళితే బాట దొరుకుతుంది గానీ, సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆయనకు కంచం ఎలా పెట్టగలదు? 

"మామయ్యా, లేవండి. మీరు నా సైకిలెక్కండి."

"నీ సైకిలా?"

"నా సైకిలే. ముందుండి నడిపించండి. వీళ్ళలో సగం మందికి వరసలో వెళ్ళడం రాదు. ఒకరినొకరు గుద్దుకుంటే పడేది ద్రాక్షతీగల మీదే. నాకు వెనక కళ్ళు లేవు. గుంపుని నడపడం మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

"మరి నువ్వు?"

కోడలు వెళ్ళి మామగారి పందెం సైకిల్ ఎత్తి భుజాన వేసుకుంది.

ఆ సైకిల్ ఆయన ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వడు. కొడుకు చిన్నప్పుడు ఒకసారి గంట మోగించినందుకు రెండు రోజులు మాట్లాడలేదట. అలాంటిది కోడలి భుజం మీద చూసి కూడా ఆపలేదు. జేబులోంచి పానా తీసి, ఆమె సైకిల్ సీటు పైకి లేపుకుని బిగించుకున్నాడు. ఎక్కి కూర్చుని ఒకసారి కిందికీ పైకీ ఊగి చూశాడు.

"పరుపు మీద కూర్చున్నట్టుంది," అన్నాడు చిరాగ్గా. "వరసలో రండి! ముందువాడి చక్రానికీ నీ చక్రానికీ మధ్య ఒక సైకిల్ పట్టేంత ఎడం ఉండాలి. డాక్టరుగారూ, మీరు బ్రేకు ఒక్కసారిగా పట్టారో, మీ పళ్ళు మీరే కట్టుకోవాల్సి వస్తుంది!"

నవ్వులతో గుంపు కదిలింది. 

రాతి స్తంభాల మధ్య తీగలు రెండు పక్కలా గోడల్లా లేచాయి. ఆకుల సందుల్లోంచి రంగు తిరిగిన గుత్తులు తొంగిచూస్తున్నాయి. గుంపు చివర కోడలు సైకిల్ మోసుకుంటూ, పక్కన తోటావిడ దారి వైపే కళ్ళు పెట్టుకుని నడుస్తున్నారు. ముందునుంచి మామగారి కేకలు వినబడుతున్నాయి. "ఎడమ పక్క పైపు! చూసుకోండి! మెల్లిగా, మెల్లిగా... తొందరేంటి, పెళ్ళికి వెళ్తున్నామా?" నిదానంగా తొక్కండని మామగారు అరవడం ఆయన కూతురు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆమె వెనక్కి తిరిగి వదినకు కన్ను కొట్టి, ఆ మలుపులో కాస్త తూలి, మళ్ళీ సర్దుకుంది.

నీటి గొట్టం కారి నేల మెత్తబడిన మలుపు ఒకటి వచ్చింది. మామగారు సైకిల్‌ని అటూ ఇటూ తిప్పకుండా, ఒంటిని మాత్రం కాస్త వంచి, నీటి మీద ఆకు వెళ్ళినట్టు జారుకుంటూ వెళ్ళాడు. వెనకవాళ్ళంతా ఆయన వెళ్ళిన చోటునుంచే వెళ్ళారు. తోటావిడ ఆగి, కూర్చుని, అరచేత్తో నేల తడిమి చూసింది. లేచి ఒక గుత్తి కింద తెల్లటి చేతిరుమాలు పెట్టి తుడిచి, వెలుగులోకి పట్టుకుని చూసింది. రుమాలు తెల్లగానే ఉంది.

"భుజం నొప్పెట్టడం లేదూ?" అంది కోడల్ని.

"నొప్పెడుతోందండి."

"మరి దించవేం?"

"ఆయన వెనక్కి తిరిగి చూస్తారు. అప్పుడు నేలమీద ఉంటే బావుండదు."

కొంచెం దూరం వెళ్ళాక తోటావిడ సైకిల్ వెనక చక్రం కింద తన చెయ్యి కూడా వేసింది. ఇద్దరాడవాళ్ళూ కలిసి అవతలి గేటు దాకా దాన్ని మోశారు.

అవతలి గేటు బయట కోడలి భర్త వ్యాన్ వేసుకుని, మంచినీళ్ళు, అరటిపళ్ళు, విడి సైకిల్ ఒకటి పెట్టుకుని కూచున్నాడు. మాట తక్కువ మనిషి. భార్య భుజాన నాన్న సైకిల్, నాన్న కింద భార్య సైకిల్ చూసి, నాలుగు రోజులకు సరిపడా ఆశ్చర్యపోయి, "బాగానే జరిగినట్టుందే," అన్నాడు.

తోటావిడ అందరి ముందుకూ వచ్చి నిలబడింది. "వాలు ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఎవరైనా సరే, చక్రాలు ఇలాగే ఉంటే ఈ గేటు తెరిచే ఉంటుంది. అటుదీ తెరిచే ఉంటుంది. మా పనివాళ్ళతో చెప్తాను."

ఆ కేక, ఆ ఈలలు మీరు వినాల్సింది. డాక్టరు గంట మోగించి మోగించి దాని మూత ఊడగొట్టాడు. ఆడపడుచు వదినను కావలించుకుని గిరగిరా తిప్పింది. కోడలు మాత్రం భుజం పట్టుకుని, ఏడుస్తూ నవ్వుతూ, ఎవరేమంటున్నారో వినిపించుకోకుండా నిలబడింది. ఇంత సంతోషంగా ఉంటే మనిషికి ఇలా అయోమయంగా ఉంటుందని ఆమెకు ఇంతకుముందు తెలియదు.

తరవాత వాళ్ళను పట్టుకోవడం ఎవరి తరం? తోటల వాలు అయిపోగానే ఏటి మైదానం చేతులు చాచినట్టు పరుచుకుంది. గులకరాళ్ళు చక్రాల కింద గలగలమన్నాయి. గాలి ఎదురొచ్చి చొక్కాల్లో దూరింది. ఏరు చీలమండల దాకా పారే చోట మామగారు ఆగకుండా నీళ్ళలోకి దించేశాడు, వెనకే గుంపంతా కేరింతలు కొడుతూ దిగింది. కోడలు మామగారి సైకిల్‌ని వ్యాన్‌లో పెట్టి, అందులోని విడి సైకిలెక్కి వెంటపడింది. తన సైకిల్ తనకిస్తాడేమోనని రెండుసార్లు పక్కకు వెళ్ళి దగ్గింది కూడా. ఆయన వినబడనట్టు తొక్కుకుంటూ పోయాడు.

అవతలి ఒడ్డున ఆయనే ఆగాడు. దిగి, ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కి, వేలు తీయకుండానే అడిగాడు.

"ఇంతే కదూ ఉండాల్సింది?"

"మీ బరువుకి ఇంకొంచెం ఉన్నా ఫరవాలేదు మామయ్యా."

"పొద్దున తప్పు చేశానమ్మాయ్. గాలి తక్కువైతే నామోషీ అనుకునే కాలం మాది. నిన్ను అడిగి ఉండాల్సింది." ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో చెవులు ఎర్రబడడం చూస్తే తెలుస్తోంది. "అడగలేదు. నా కళ్ళకు నువ్వింకా పుల్లలు బిగించడం నేర్చుకుంటున్న పిల్లవే."

కోడలు కళ్ళు తుడుచుకుని, "కొండ ఉంది ముందు, పదండి," అంది.

కొండ పాదాల దారి మెలికలు తిరుగుతూ పైకి లేచింది. అక్కడ కేరింతలు ఆగాయి, ఆయాసాలు మిగిలాయి. డాక్టరు ప్రతి మలుపులోనూ ఇదే చివరిదా అని అడిగాడు. ఆడపడుచు ఒకచోట దిగి నెట్టుకుంటూ నడిచింది, కానీ వ్యాన్ ఎక్కమంటే అన్నగారి మీద ఇంతెత్తున లేచింది. ఒక్కరు కూడా వెనుదిరగలేదు. పాత రాతి చావడి ముందుకు చేరి, కిందికి చూశారు. తాము వచ్చిన దారంతా కనబడుతోంది. పచ్చటి తోటల వరసలు, తెల్లటి ఏటి మైదానం, వాటి మధ్యన సన్నగా, ఎక్కడా తెగకుండా, కోడలి బాట. దూరంగా ఎక్కడో లారీల రోడ్డు ఉంది, దాని చప్పుడు ఇక్కడికి రాలేదు.

అప్పటికే తోటావిడ జీపులో చుట్టు తిరిగి వచ్చి, చావడి అరుగు మీద ద్రాక్ష గంపలు దింపిస్తోంది. తన తోట దాటినవాళ్ళు ఎక్కడిదాకా వెళతారో చూద్దామని వచ్చానంది. అందరూ గుత్తులు పట్టుకుని అరుగు మీద కూలబడ్డారు. కథ ఇక్కడితో ఆపేస్తే ఎంత బావుండేది! కానీ మామగారికి ఒంట్లో వేడి ఎక్కింది, పాత రోజులు నెత్తికెక్కాయి. అరుగు మీద లేచి నిలబడి, చెయ్యి పైకెత్తాడు.

"వినండి! ఇలాంటి బాట ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. దీనిమీద పందెం పెడతాను. పంట కోతలు అయిపోగానే. ఊరూరా చాటిస్తాను. ఎంతమంది వస్తే అంతమంది!"

గుంపు హోరెత్తింది. కోడలి చేతిలో గుత్తి జారి ఒళ్ళో పడింది. పందెం! ఊరూరి కుర్రకారు ఒకరి మీద ఒకరు పడుతూ, ఆ వాలు మీద, ఆ తీగల మధ్య! ఆమె మామగారి వైపు చూడలేదు, తోటావిడ వైపు చూసింది. ఆవిడ చేతిలో గంపను మెల్లిగా కింద పెట్టింది. హోరు దానంతటదే తగ్గిపోయింది.

"పందెమా?" అంది తోటావిడ.

మామగారికి అప్పటికి తెలివి వచ్చింది. "అంటే... తోటలో నిదానంగానే..."

"పెట్టండి."

అందరూ ఆవిడ మొహం వైపు చూశారు. ఆవిడ మొహంలో కోపం లేదు, కానీ తమాషా కూడా లేదు.

"పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ నా తోటలో ముందు వెళ్ళినవాడు గెలిచినట్టు కాదు. ఎవరి చక్రం అచ్చు నాకు కనబడదో వాళ్ళు గెలిచినట్టు. చూసేది నేను. అలాంటి పందెం జరుగుతుందని నాకు ముందు నమ్మకం కుదరాలి. అందుకని వచ్చే ఆదివారం మీరిద్దరూ తొక్కాలి. మామగారొకరు, కోడలొకరు. వాలు మొదలునుంచి ఈ చావడి దాకా. తోటలో అచ్చు చూస్తాను, ఇక్కడ ఎవరు ముందొచ్చారో చూస్తాను. మీలో ఒకరు రెండూ గెలిస్తే పందానికి గేటు తీస్తాను. లేదంటే, రోజూ వచ్చేవాళ్ళకు తప్ప పందాలకు తీయను."

డాక్టరు ఎగిరి గంతేశాడు. ఆడపడుచు మాత్రం వదిన మొహం చూసి నవ్వడం మానేసింది.

కోడలికి ఓడిపోతానన్న భయం లేదు. భయమంతా ఇంకొకటి. తోటలో ఆమె అచ్చు కనబడదు. కొండ మీద ఇందాక ఆయన ఆయాసం ఆమె పక్కనుంచే విన్నది, ఆయన కోసం రెండు మలుపుల్లో తను నిదానించింది కూడా. ఆదివారం నాడు ఊరి జనమంతా చూస్తుండగా, సైకిల్ తొక్కడం తప్ప ఇంకే గొప్పా కోరని ఆ మనిషిని తను దాటి వెళ్ళిపోవాలి. దాటకపోతే పందెం లేదు, ఆయన ఇప్పుడే చాటిన మాట నవ్వులపాలవుతుంది. 

మామగారు అరుగు దిగి ఆమె దగ్గరికి వచ్చాడు. వంగి, ఎవరికీ వినబడకుండా అన్నాడు.

"ఆ మలుపుల్లో నువ్వు ఎందుకు నిదానించావో నాకు తెలుసమ్మాయ్. వచ్చే ఆదివారం అలా చేశావో, ఇక జన్మలో నీ పక్కన సైకిలెక్కను."

"ఏమంటావమ్మా?" అని తోటావిడ అడిగింది. చావడి ముందు అందరూ కోడలి వైపు తిరిగారు.